అమ్మ చెప్పని తెల్ల బిళ్లలు

జాలరిపేట,
ఆదివారం.

అమ్మా,

ఈ ఉత్తరం అక్క నీకు చదివి వినిపిస్తుంది. ఫోన్ చేయొచ్చు కదా అంటుంది. ఫోన్‌లో నేను మాట్లాడను, అరుస్తాను. ఆ సంగతి మీ ఇద్దరికీ తెలుసు. కాగితం మీద అరవడం కష్టం, అందుకే రాస్తున్నాను.

నిన్న మా సంఘం తరఫున ఆసుపత్రి ముందు ధర్నా చేశాం. కరపత్రం నేనే రాశాను. ‘పేదల కాళ్లు తెంపుతున్న సెలైన్ మందు’ అని పైన పెద్దక్షరాలు. కింద, షబ్నం సిస్టర్‌ని వెంటనే సస్పెండ్ చేయాలని డిమాండ్. నీకు ఆ పిల్ల గుర్తుండే ఉంటుంది. సూది గుచ్చే ముందు “అటు చూడమ్మా” అని నీ మొహం పక్కకి తిప్పేది. ఆ పిల్లనే.

ఆటోనగర్ నుంచి మా షెడ్డు కుర్రాళ్లు వచ్చారు. మన వీధిలో చేపలమ్మే ఆడవాళ్లంతా బేరాలు మానుకుని వచ్చారు. డిశ్చార్జి రోజు నువ్వు ఆటో ఎక్కబోతుంటే మడమ వెనకాల తాడు టప్‌మని తెగి కూలబడిపోవడం అప్పాయమ్మ పిన్ని కళ్లారా చూసింది కదా. “మా అక్కకి మందెక్కించి కాలిరిసీసేరు!” అని ఆవిడ గుండెలు బాదుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టర్ గురునాథరావు గారు బయటికొచ్చి, ఏం కావాలో అడగమన్నారు. నేను అడగలేదు, మైకులో చదివాను. సెలైన్‌లో మా అమ్మకి ఎక్కించిన లెవోఫ్లాక్సాసిన్ కండరాల తాళ్లు తెంపుతుందని మీకు తెలీదా అన్నాను. తెలుసన్నారు. తెలిసే ఎక్కించామన్నారు.

“మీ అమ్మకి మూత్రపిండాల్లో పుట్టిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. పెన్సిలిన్ జాతి మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆ క్రిమి దేనికి చస్తుందో పరీక్ష చేయించి మరీ ఇది వేశాం. వేయకపోతే ఆవిడ ఈపాటికి ఉండేది కాదు బాబూ.”

మరి సీసా అంత నత్తనడకగా ఎందుకు పెట్టారని అడగబోయి మానేశాను. జవాబు నాకు ముందే తెలుసు. వార్డులో ‘పేదోళ్ల సీసా కాబట్టేనా ఈ నిదానం’ అని నేను సెలైన్ గొట్టం మీది చక్రం తిప్పబోతే షబ్నం సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. “అన్నా, ఇది గంటన్నర పట్టాలి. జోరుగా వదిలితే బీపీ పడిపోతుంది” అంది. బద్ధకానికి సాకులు చెబుతోందని ఆ రోజంతా వార్డు అదిరేలా తిట్టాను. నువ్వు దుప్పటి మొహం మీదకి లాక్కున్నావు.

తర్వాత డాక్టరు గారు ఒక్క మాట అడిగారు. “చేరిన రోజే అడిగాం కదా, ఇంకేమైనా మందులు వాడుతోందా అని? ముఖ్యంగా స్టెరాయిడ్లు. అరవై దాటిన వాళ్లలో ఈ రెండూ కలిస్తే మడమ తాడు తెగే ప్రమాదం బాగా ఎక్కువ.”

“మా అమ్మకి ఏ మందూ అలవాటు లేదు” అన్నాను. మైకులోనే అన్నాను. గర్వంగా అన్నాను.

అప్పాయమ్మ పిన్ని నా చొక్కా లాగింది.

“ఒరే సంకరా, ఆ మోకాళ్ల నొప్పుల తెల్లబిళ్లలు మందు కాదేటి?”

“ఏ బిళ్లలు పిన్నీ?”

“సందు సివర డాట్రు ఇత్తాడు కదరా. మీయమ్మా నానూ కలిసే కొంటాం. తట్ట నెత్తినెట్టుకుని అపార్టుమెంటు మెట్లెక్కాలంటే మోకాళ్లు ఊరుకుంతాయేటి?”

“మరి నాకు చెప్పలేదేం?”

“నీకా! మొన్న ఆడి బల్ల తన్నీసి, ‘స్టెరాయిడ్ దొంగా’ అని ఈదంతా ఇనబడేలాగ కేకలేసింది ఎవుడు, మీ తాతా? నీకు సెప్పి ఎవుతి బతుకుద్ది?”

వెనక నుంచి ఎవరో, “నానూ ఏసుకుంతన్నాను బాబూ, మా కోడలూ ఏసుకుంతంది. మమ్మల్నీ సస్పెండ్ సేయించీ” అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. కుర్రాళ్లు మెల్లగా బ్యానర్ చుట్టేశారు. మైకు కట్టేయాలని కూడా నాకు తోచలేదు. షబ్నం సిస్టర్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

అమ్మా, నన్ను చూసి నవ్వినందుకు కాదు సిగ్గు. చేరిన రోజు సిస్టర్ ఆ ప్రశ్న అడిగినప్పుడు నువ్వు నోరు తెరిచావు. తెరిచి, నా మొహం చూశావు. “ఏమీ లేవమ్మా” అన్నావు. రోజూ పొద్దున్నే మడమ దగ్గర నొప్పి ఉందా అని అడిగేవాళ్లు. అప్పుడూ నా వైపే చూసి లేదనేదానివి. ఉందని ఒక్క మాట చెబితే వెంటనే మందు మార్చి, కాలు కదపనిచ్చేవాళ్లం కాదన్నారు డాక్టరు గారు. ప్రజలు నోరు విప్పాలని గోడల నిండా రాశాను. నా ఇంట్లో మనిషి నోరు నేనే కుట్టేశాను. నువ్వు చూసిన ఆ మొహం ఎలా ఉంటుందోనని రాత్రి అద్దం ముందు నిలబడ్డాను. ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

సిస్టర్ మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. సిస్టర్‌కి క్షమాపణ చెప్పడానికి వెళ్తే, నేను నోరు తెరవకముందే “అమ్మకి ఎలా ఉంది?” అంది. నేను తలదించుకుని వచ్చేశాను. సంఘానికి కూడా రాజీనామా ఇచ్చేశాను. ఇక ఈ పేటలో ఎవరికీ ఏ మంచీ చెప్పను. షెడ్డు, ఇల్లు, అంతే. నువ్వు పూడిమడకలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది నా నోటికి భయపడే అని నాకు తెలుసు. రమ్మని అడిగే మొహం నాకు లేదు.

నిన్ను భయపెట్టి బతికిన నీ కొడుకు,
సాయిశంకర్


పూడిమడక,
గురువారం.

తమ్ముడూ, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఒక్క ముక్క దిద్దినా ఊరుకోనంది. — సత్యశ్రీ

ఒరే సంకరా,

నీకు బయపడ్డానని రాసేవు. బయం సగమేరా. ఆ బిళ్లలు మింగొద్దని ఈదంతా తిరిగీవోడి తల్లే మింగుతాదని తెలిస్తే నీ మొకం ఏటవుద్దని మిగతా సగం. ఆ సిస్టరమ్మ అడిగినప్పుడు నోటిదాకా వొచ్చింది. పక్క మంచం మీద మన పేటోళ్లున్నారు. నీ పరువు కాసేననుకుని కాలు పోగొట్టుకున్నాను. మడం నొప్పి తాడు తెగకముందునుంచీ ఉంది. సెప్తే నువ్వు ఆ పిల్ల మీదకెల్తావని దాసేను. అంచేత సిగ్గంతా నువ్వొక్కడివే మూటకట్టుకోకు.

పూడిమడక వొచ్చింది నీ నోరు పడలేక కాదు. మన ఇల్లు మెట్లమీద, మీ అక్కిల్లు నేలమీద. అంతే.

ఇప్పుడసలు సంగతి. పొద్దున్న అప్పాయమ్మ ఫోన్ సేసింది. నీ ధర్నాలో డాట్రుబాబు మాట ఇని, ఇంటికెల్లగానే ఆడోళ్లందరూ బిళ్లలు సముద్రంలో ఇసిరీసేరంట. అప్పాయమ్మకి నిలబడితే కళ్లు తిరుగుతన్నాయంట, వాంతులంట, లెగలేకపోతందంట. ఏళ్ల తరబడి మింగిన ఆ బిళ్ల ఒక్కసారిగా మానీకూడదు, డాట్రు సెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి, లేపోతే పానం మీదకొస్తాదని, నీ ఉత్తరం ఇన్నాక మీ అక్క నన్ను ఇక్కడ డాట్రమ్మకి సూపిస్తే ఆవిడ సెప్పింది. ఆ మాట నాకు తెలుసు, ఆళ్లకి తెలీదు. ఆస్పత్రికెల్లవే అంటే, “గొడవ సేసొచ్చిన సోటికి ఏ మొకంతో ఎల్లను?” అంటంది. సూసేవా, అదీ నీలాగే సిగ్గుపడతంది. నువ్వేమో తలుపేసుకుని ఫోనెత్తవు. అందుకే ఈ ఉత్తరం మీ బావకిచ్చి బండిమీద పంపుతన్నాను.

ముందు అప్పాయమ్మని ఆటో ఎక్కించి ఆ ఆస్పత్రికే తీసుకెల్లు. ఏ బిళ్ల మింగేదో, ఎప్పుడు మానీసిందో దాని సేతే సెప్పించు. అది సెప్తన్నప్పుడు నువ్వు గోడకేసి సూడు. తరవాత ఇంటింటికీ ఎల్లు. నిలబడి ఉపన్నేసం సెప్పకు, గడపమీద కూకో. “మా యమ్మ కూడా మింగింది” అని ముందా మాట సెప్పు. మిగతాది ఆళ్లే సెప్తారు. మద్దెలో కోపమొస్తే బయటికొచ్చి నీళ్లు తాగి, మళ్లీ లోపలికెల్లు.

బండి ఇంజను ఆపొద్దని మీ బావకి సెప్పేను. లెగు.

మీ అమ్మ,
చిలకమ్మ