పల్లె పాల బాట, వగైరా

హార్డ్‌పాన్, కాన్సాస్
మార్చి 4

వాషింగ్టన్‌లోని గ్రేడన్ లేన్ గారికి, హార్డ్‌పాన్ అగ్నిమాపక దళం పెద్ద వెర్లిన్ స్టకీ రాయునది.

ప్రభుత్వ నిధులు ఇప్పించడంలో మీకు తెలియని తలుపు లేదని మీ కరపత్రంలో చదివాం. మా దళంలో ఎవరికీ జీతం లేదు, అందరం గోధుమ రైతులమే. మంటలార్పే లారీ ఒక్కటే ఉంది. ఒకప్పుడు వేరే పనికి వాడినది, ట్యాంకు కారుతుంది. కిందటేడు ఎల్డా అన్రూ కొట్టం తగలబడితే, మేం చేరేలోగా సగం నీళ్లు దారికే పోశాం. దారి మీద దుమ్ము మాత్రం అణిగింది.

జూన్‌లో కోతలు. ఎండిన చేలో కోత యంత్రం నుంచి ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఆలోగా కేంద్ర ప్రభుత్వం చేత కొత్త లారీ ఇప్పించగలరా?

ఇట్లు,
వెర్లిన్ స్టకీ

తా.క. మీ ఫీజు కోసం ఆదివారం ఆదివారం పాన్‌కేకులు అమ్మాం. ఊళ్లో అందరూ ఇక తినలేమంటున్నారు. దయచేసి ఫీజు పెంచకండి.

వాషింగ్టన్
మార్చి 19

గౌరవనీయులైన స్టకీ గారికి,

మీ ఉత్తరం మా బృందాన్ని కదిలించింది. అయితే ఇక్కడ ఎవరూ 'లారీ కావాలి' అని అడగరు. 'అవసరం' ఉందని చూపిస్తారు. మీ అవసరం కంటికి కనబడేలా ఒక ఫొటో పంపండి. కిందటేడు ఎన్ని అగ్నిప్రమాదాలు జరిగాయో కూడా రాయండి. ఎక్కువుంటే మంచిది.

మీ విజయాన్ని కోరే,
గ్రేడన్ లేన్

తా.క. సెనేటర్ గారి కార్యదర్శితో మీ ఊరి పేరు చెప్పుకుని భోంచేశాను. బిల్లు జతచేశాను.

హార్డ్‌పాన్
ఏప్రిల్ 2

లేన్ గారికి,

ప్రమాదాలు నాలుగు. ఇంకా కావాలంటే ఎవరిల్లు తగలబెట్టాలో మీరే సెలవియ్యండి. ఊరి సమావేశంలో అడిగాను, ఎవరూ ముందుకు రాలేదు. డేల్ గెర్ట్జ్ ఒక్కడే "మా అత్తగారిల్లు పనికొస్తుందా?" అన్నాడు. ఆవిడ వాడి పక్కనే కూర్చుని ఉంది.

లారీ ఫొటో పంపుతున్నాను. కారే చోట మా ఆవిడ లావోన్ బట్టల తొట్టి పెట్టింది.

వెర్లిన్ స్టకీ

తా.క. ఆ భోజనం ఏమిటో గాని, మా ఊరి పేరు అంత ఖరీదని మాకు తెలియదు.

వాషింగ్టన్
ఏప్రిల్ 23

ప్రియమైన స్టకీ గారికి,

ఫొటో అద్భుతం. లారీ మీద ఆ ఆవు బొమ్మ, కింద తొట్టిలోకి కారిపోతున్న పాలు, చుట్టూ పిల్లులు. అన్ని పాలు వృథా కావడం చూసి మా ఆఫీసులో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. అగ్నిమాపక పథకానికి ఈ ఏడు పోటీ ఎక్కువ. 'పల్లె పాల బాట' పథకానికి పోటీయే లేదు. అందుకని మిమ్మల్ని అందులో పెట్టేశాం. మీ దళం పేరు కూడా 'హార్డ్‌పాన్ ద్రవ రవాణా సంఘం' అని మార్చాం.

గ్రేడన్ లేన్

తా.క. మీ ఊళ్లో ఆవులెన్ని? ఉజ్జాయింపుగా చెప్పినా చాలు.

హార్డ్‌పాన్
మే 5

లేన్ బాబూ,

అవి నీళ్లు. లారీ ఒకప్పుడు పాల కంపెనీది, బొమ్మ వాళ్లదే. మా ఊళ్లో ఆవు ఒక్కటే, అది లారీ మీదుంది. ఇది ఉజ్జాయింపు కాదు.

చేలు పచ్చదనం వదిలి పసుపుకి తిరుగుతున్నాయి. ఎల్డా రోజూ వాకిట్లో నిలబడి గాలి ఎటుందో చూస్తోంది. "ఆ అబ్బాయి ఎప్పుడైనా ఆవుని చూశాడేమో కనుక్కో" అంటోంది లావోన్.

వెర్లిన్ స్టకీ

తా.క. తొట్టిలో కప్ప పడింది. పిల్లులు చేరింది దానికోసం.

వాషింగ్టన్
మే 21

ప్రియమైన స్టకీ గారికి,

శుభవార్త. నిధులు మంజూరయ్యాయి. లారీకి కాదు, 'ఈ ప్రాంతానికి పాల లారీ అవసరమా?' అనే అధ్యయనానికి. ఆవు ఒక్కటేనని మీరు రాసిన మాట వాళ్లకి ఎంతో నచ్చింది. పాడిలో ఇంత వెనకబడిన ఊరు వాళ్ల దగ్గర ఇంకోటి లేదట. అధ్యయనానికి కావలసిన కాగితాలు, కొలత పాత్రలు, వగైరా కొనుక్కోవచ్చు. అధ్యయనం ముగిశాక అన్నీ తిరిగి అప్పగించాలి.

మీ గ్రేడన్

తా.క. ఈ విజయానికి ఇక్కడ విందు చేసుకున్నాం. బిల్లు జతచేశాను.

హార్డ్‌పాన్
జూన్ 28

లేన్ బాబూ,

కాగితాలు కొన్నాం. కొలత పాత్ర ఒకటి కొన్నాం. వగైరా కింద లారీ కొన్నాం. పాల లారీయే, కొత్తది, స్టీలు ట్యాంకు, చుక్క కారదు. పంపూ గొట్టమూ డేల్ బిగించాడు.

పోయిన మంగళవారం ఎల్డా చేలో కోత యంత్రం కింద నిప్పంటుకుంది. గాలి ఆమె ఇంటివైపే. ఆ రోజు మా దగ్గర పాలు లేవు కాబట్టి నీళ్లతోనే అధ్యయనం చేశాం. చేను కొంత పోయింది. ఇల్లుంది. ఎల్డా మెట్ల మీద కూర్చుని, "నీ చదువు బాగానే సాగుతోందే, వెర్లిన్" అంది. తర్వాత అందరికీ కాఫీ పెట్టింది.

నివేదిక ఎప్పుడని పథకం వాళ్లు అడుగుతున్నారు. అవసరం ఉందని రాస్తే, ఇది అప్పగించి కొత్త లారీ కోసం మళ్లీ మీ దగ్గరికే రావాలి. లేదని రాస్తే, ఉన్నది పట్టుకుపోతారు. ఇంకా ఏమీ తేలలేదని చెప్పండి. మేం నిదానంగా చదివేవాళ్లం. మా తర్వాత మా పిల్లలు చదువుతారు.

ఇట్లు,
ద్రవ రవాణా సంఘం పెద్ద
వెర్లిన్ స్టకీ

తా.క. మీ విందు బిల్లు అందింది. వగైరాలో భోజనాలు రావని లావోన్ అంటోంది. ఇంకొక మాట: కొత్త లారీ మీద కూడా ఆవు బొమ్మ వేయించాం. ఊళ్లో పాడి రెట్టింపయిందని రాసుకోండి.