వ్యాగన్‌లో మూడో వరుస

ఫిబ్రవరి 4, 1963. తాండూరు

అన్న కారు కొంటాడట. పొద్దున చాయ్ తాగుతూ చెప్పాడు. ఏది కొనాలో నన్ను తేల్చమన్నాడు. సర్వే ఆఫీసుల ఉండి ఊళ్ళకూళ్ళు కొలుస్తవు, గింత బండి కొలువలేవా అన్నాడు. నా ఉద్యోగం మీద మా అన్నకున్న గౌరవం అంత. ఆయన గనిలోంచి బండలు తీయించి లారీలకెత్తిస్తాడు. నేను కొలత గొలుసు పట్టుకుని జనాల పొలాల గట్ల మీద తిరుగుతాను.

కారు ఇప్పుడే ఎందుకో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు. వచ్చే నెల మనోరమ ఇంటికొస్తుంది. నా భార్య అనంతగిరి శానటోరియంలో చేరి పద్నాలుగు నెలలు. టీబీ. రైల్లో తీసుకొస్తే తాండూరు స్టేషన్‌లో దిగగానే సగం ఊరు నిలబడి చూస్తుంది. అన్న అట్లా కానివ్వడు. మరదల్ని కార్ల తోల్కొద్దాం, మారాణి లెక్క, అన్నాడు. మంచివాడు జనార్దన్ అన్న. ఆయన ముందు నేనెప్పుడూ కొంచెం తక్కువే.

వదినకు అంబాసిడర్ కావాలి. నున్నగ, గుండ్రంగ మస్తుంటదట. ఎదురింటి సుమిత్రమ్మ వాళ్ళు కొన్నారు కాబట్టి ఇంకా మస్తుంటుంది.

అంబాసిడర్‌లో మనోరమ పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 10, ఆదివారం

వికారాబాద్ దాకా రైలు, అక్కణ్ణించి కొండ మీదికి బస్సు. మనోరమ వరండాలో తన బెంచీ మీద కూర్చుని ఉంది. నేను ఎప్పటిలాగే ఎదుటి బెంచీ మీద కూర్చున్నాను. రెండు బెంచీల మధ్య ఆరడుగులు. కొలవకుండానే చెప్పగలను.

ఒళ్ళు చేసింది. బుగ్గలొచ్చాయి. కారు సంగతి చెబితే ఏం రంగని అడిగింది. రంగు దగ్గర మొదలుపెట్టే మనిషి లోకంలో ఈమె ఒక్కతే అయ్యుంటుంది. నాకు కిటికీ పక్కన జాగ ఇస్తే సాలు, పద్నాలుగు నెలలాయె గీ చెట్లనే చూడవట్టి, అన్నది.

డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. మూడు నెలల నుంచీ కఫం నెగటివ్. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మందులు మాత్రం ఇంకొన్నాళ్ళు మానకూడదు. అందరితో కూర్చోవచ్చు, తినొచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు. ఎవరికీ భయం లేదు అన్నారు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

వచ్చేటప్పుడు మా బిడ్డ తులజకు తనే అల్లిన ఎర్ర స్వెటర్ ఇచ్చింది. అంచు పట్టుకుని తీసుకున్నాను. ఆమె చూసిందో లేదో తెలియదు.

ఫిబ్రవరి 11

స్వెటర్ గోడ మీద ఎండలో వేశాను. ఇప్పుడే తులజకు చూపించను.

ఫిబ్రవరి 17

ఈరోజు వికారాబాద్‌లో ఒక బండి చూశాను. మా గని లారీ నడిపే కరీముద్దీన్ చూపించాడు. స్టేషన్ వ్యాగన్. రిటైరై వెళ్ళిపోతున్న ఒక పెద్ద ఆఫీసరుది. పొడుగ్గా, పెట్టెలా, బురదాకుపచ్చ రంగులో ఉంది. ముందు ఒక సీటు, మధ్యలో ఒకటి, ఆ వెనకాల మూడోది. మూడో వరుసకు దాని కిటికీ దానికే ఉంది. దాని తలుపు కూడా వేరే, వెనక నుంచి.

టేపు తీశాను. మధ్య సీటు వీపు నుంచి మూడో సీటు వీపుకు మూడడుగుల నాలుగంగుళాలు. రెండుసార్లు కొలిచాను. కిటికీ అద్దం కిందికి దిగుతుంది. గాలి బయటికే పోతుంది.

ఎంత సంతోషమైందో చెప్పలేను. పరీక్ష పాసైనవాడిలా రైలెక్కాను.

ఫిబ్రవరి 19

ఇంట్లో పంచాయతీ. వదిన ఆ బండి ఎట్లుంటుందో విని, అది కారా, దవాఖాన బండా, అండ్ల నేను పెండ్లిళ్ళకెట్ల పోవాలె అన్నది. అమ్మకు ఒక్కటే అనుమానం, అందులో కాళ్ళు మడుచుకుని కూర్చోవచ్చా అని. అన్న చాయ్ మీద చాయ్ తాగుతున్నాడు.

మాటలతో తేలదని చాక్‌పీసు తెచ్చాను. మా వాకిలి అంతా మా గని బండలే, నున్నగా పరిచి ఉంటాయి. వాటి మీద ఒక పక్క అంబాసిడర్, ఒక పక్క వ్యాగన్ గీశాను. ఉన్న సైజుకి, అంగుళం తేడా లేకుండా. అందరినీ వచ్చి కూర్చోమన్నాను. అన్న, వదిన, వాళ్ళ ముగ్గురు పిల్లలు, అమ్మ, నేను, తులజ. డ్రైవర్ జాగాలో కరీముద్దీన్ గొంతుక్కూర్చుని చేతులతో స్టీరింగ్ తిప్పాడు. అంబాసిడర్‌లో అందరం సర్దుకునేసరికి కారు కొనే మా అన్నే గీత బయట మిగిలాడు. వదిన కూడా నవ్వింది.

వ్యాగన్‌లో ముందు రెండు వరుసల్లోనే అందరం పట్టాం. మూడో గడి ఖాళీగా ఉంది. తులజ లేచి వెళ్ళి అందులో కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల. ఇది అమ్మ జాగనా బాపూ అని అడిగింది. అవునన్నాను. అమ్మ పక్కపొంటి ఎవరు కూసుంటరు అని అడిగింది.

వదిన ఒళ్ళో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. అన్న నా వంక చూశాడు. ఆయనకు అర్థమైంది. సరే, పెద్దదే తీస్కుందాం తీ, అన్నాడు. వదిన కూడా వద్దనలేదు. అంబాసిడర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 20

చాక్ గీతలు పోలేదు. తులజ మూడో వరుసలో కూర్చుని అన్నం తిన్నది.

మార్చి 3

ఆదివారం. అనంతగిరి వెళ్ళలేదు. ఆఫీసు పని అని కార్డు రాసి పడేశాను. ఆఫీసు పని లేదు.

ఇంట్లో అందరూ, పిల్లలకోసం, అమ్మకోసం, జాగ్రత్త మంచిదే అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుంటున్నట్టు నటిస్తున్నాను. నిజం రాస్తాను. నేను టేపు పట్టుకున్నది నాకోసం. ఇంట్లో అందరికంటే ఎక్కువ భయం నాకే.

మా యాదమ్మక్క 1949లో పోయింది. ఇదే రోగం. వెనక గదిలో నలభై రోజులు ఉంది. నేను తలుపు దగ్గరికి నీళ్ళు తీసుకెళ్ళి గడప మీద పెట్టి వచ్చేవాణ్ణి. రా తమ్మీ, జర కూసో అని పిలిచేది. ఒక్కసారీ కూర్చోలేదు. ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పుడు మాకు మందు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఆ ముక్క బుర్రకు తెలుసు, కాళ్ళకు తెలియదు. మనోరమ ఎదుట నా కాళ్ళు ఎదుటి బెంచీ దగ్గరే ఆగిపోతాయి.

ఆమెను చూడకుండా ఉండలేను. దగ్గరికి పోలేను. ఏం మనిషిని నేను.

మార్చి 5

స్వెటర్ ఇంట్లోకి తెచ్చి తులజకు ఇచ్చాను. ఇరవై రెండు రోజులు ఎండలో ఉంది. ఒక పక్క రంగు వెలిసింది.

మార్చి 10

బండి వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరం కాగ్నా నది ఒడ్డు దాకా వెళ్ళొచ్చాం. అమ్మ కాళ్ళు మడుచుకుని కూర్చుంది, కడుపు నిండినట్టే ఉందన్నది. దారిలో ఎదురైన వాళ్ళందరికీ వదిన చేయి ఊపింది. సుమిత్రమ్మతో, మేమైతే మూడు సీట్లదే కావాలన్నం, చిన్న కారు మాకెట్ల సరిపోతది అన్నది. నేను పక్కనే ఉన్నాను.

మూడో వరుసలో ఎవరూ కూర్చోలేదు. అన్నం గిన్నెలు పెట్టారు.

మార్చి 17, ఆదివారం

డిశ్చార్జ్ వచ్చే ఆదివారం. ఈరోజు చెప్పడానికి వెళ్ళాను. కాగితం మీద బండి బొమ్మ గీసి, మధ్య బల్ల మీద పెట్టి, నా బెంచీకి వెళ్ళి కూర్చున్నాను. ఆమె బొమ్మ తీసుకుని మస్తుగున్నది అన్నది. తన సీటు ఏదని అడిగింది. చివరిదని చెప్పాను.

చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. కిటికీ ఉన్నది గద, సాలు, అన్నది.

మరి మీరేడ కూసుంటరు అని అడిగింది. ముందర, కరీముద్దీన్‌కు దారి చూపించాలి అన్నాను. తలాతోకా లేని జవాబు. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద లారీ నడిపే మనిషికి నేను దారి చూపిస్తానట. మనోరమ నవ్వింది. ఆ తర్వాత, బిడ్డ నా దగ్గరికి ఉరికొస్తది, మీరే ఒళ్ళె కూసోబెట్టుకోండ్రి, ఇడువకుండ్రి, అన్నది. మళ్ళీ, ఇంట్ల పరేషాన్ కావద్దు, నేను దూరమే ఉంట, అన్నది.

డాక్టరు ఆమెకూ చెప్పాడు భయం లేదని. ఆమెకు తెలుసు. నాకోసం తనే వెనక్కి జరుగుతోంది. అక్కడ నేను నోరు తెరవాలి. తెరవలేదు. బస్సుకు టైమైందని లేచాను. బస్సుకు ఇంకా గంట ఉంది.

మార్చి 20

కరీముద్దీన్ బండి కడుగుతున్నాడు. నేను ఊరికే పక్కన నిలబడ్డాను. అడగకుండానే చెప్పాడు. వాళ్ళావిడ హాజిరాబీ కూడా ఆ కొండ మీదే ఉండి వచ్చిందట. గిప్పటికి ఆరేండ్లాయె పటేలా, ఆమె మంచిగున్నది, నేను మంచిగున్న, రోజు కొట్లాడుకుంటనే ఉన్నం, అన్నాడు.

నేను వినిపించుకోనట్టు టైరు వంక చూశాను.

మార్చి 24. పొద్దున 5

అందరూ తయారవుతున్నారు. తులజ స్వెటర్ వేసుకుంది. మార్చి ఎండల్లో. విప్పనంటోంది.

అదే రోజు. సాయంత్రం 6

రాయకపోతే నిద్ర పట్టదు.

శానటోరియం గేటు ముందు బండి ఆపాం. మనోరమ సంచీ పట్టుకుని వచ్చింది. అమ్మకు దూరం నుంచే దండం పెట్టింది. తులజ ఉరికి వెళ్ళి కాళ్ళు చుట్టుకుంది. మనోరమ రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది, బిడ్డకు తగలకుండా. నా వంక చూసింది, తీసుకోండ్రి అన్నట్టు. నేను తీసుకున్నాను.

ఎవరూ ఏమీ చెప్పక ముందే ఆమె వెనక తలుపు తీసుకుని మూడో వరుసలోకి ఎక్కి కూర్చుంది. ఎవరూ చెప్పాల్సిన అవసరం రాకూడదనే అంత తొందర. ముందు కరీముద్దీన్, అన్న, నేను, నా ఒళ్ళో తులజ. మధ్యలో అమ్మ, వదిన, ముగ్గురు పిల్లలు. ముందు సీటులో నేను సగం తలుపు మీదే కూర్చోవాలి. ఇంత ఇరుకు, వెనక ఆమె ఒక్కతే. ఇల్లు పట్టే బండి అని నేనే ఏరి తెచ్చాను.

దారి చూపిస్తానంటూ నేను ముందు తలుపు మీద చేయి వేశాను. కరీముద్దీన్ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. రోడ్డు వంకే చూస్తూ, తొవ్వ నాకెరుకనే పటేలా, అన్నాడు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అన్న ఇటు తిరగలేదు. తులజను సీటులో దించాను. బండి వెనక్కి నడిచాను. ఆ కొంచెం దూరానికే చెమట పట్టింది. తలుపు తీశాను. మనోరమ, ఏం మర్శిండ్రు అని అడిగింది. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆ సీటు వెడల్పు నేను కొలవలేదు. ఇద్దరు కూర్చుంటే భుజాలు ఆనుకోక తప్పదు. ఆమె కిటికీకి అతుక్కుపోయింది. మొహం బయటికి తిప్పుకుంది. ఘాట్ దిగాక రోడ్డంతా దుమ్ము. ధారూర్ దాటాక చూశాను, ఆమె మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు. దగ్గు ఆపుకుంటోంది. నేను పక్కన ఉన్నానని ఎంతసేపటి నుంచి ఆపుకుంటోందో.

వీపు మీద చేయి వేశాను. దగ్గు అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనున్నా, నువ్వు దగ్గు, అన్నాను. దగ్గింది. గట్టిగా, నాలుగుసార్లు. వట్టి దుమ్ము దగ్గు. బండిలో అందరికీ వినబడింది. నా చేయి తీయలేదు. తీయాలనిపించింది, అది కూడా రాస్తున్నాను. తీయలేదు.

అప్పుడు తులజ ముందు సీటులోంచి పాకి, మా అమ్మ తల మీదుగా సీటు ఎక్కి ఇవతలికి దూకింది. అరే పిల్లా అని వదిన దాని కాలు పట్టుకుంది. అమ్మ మెల్లగా, ఇడువు అరుణా, తల్లి దగ్గరికి పోతున్నది, అన్నది. వదిన వదిలేసింది.

మనోరమ చేతులు ఎత్తలేదు ఈసారి. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్వెటర్ వెలిసిన పక్క వేలితో రాసింది. ఎండల వెట్టిండ్రా అని నన్ను అడిగింది. పెట్టాను, ఇరవై రెండు రోజులు అన్నాను. మంచిదే, ఉన్నికి ఎండ మంచిది, అన్నది. నేను తల దించుకుని ఏడ్చాను. ఆమె కిటికీ అద్దం కొంచెం పైకెత్తింది, దుమ్ము నా మీద పడకుండా.

ఏప్రిల్ 2

పొద్దున నాకు దగ్గు వచ్చింది. మనోరమ తను తాగుతున్న నీళ్ళ గ్లాసు గబుక్కున అందించింది. అంతలోనే గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది. తాగేశాను.