రెండు కళ్ళూ ఒకే పక్క

శుక్రవారం, రాత్రి

ఎండుచేపల పొట్లాల కోసం అత్త కొన్న పాత కాగితాల్లో దొరికింది ఈ పుస్తకం. చిత్రకళ చరిత్ర చదువుకున్న ఒకాయన ఈ కాలపు బొమ్మల గురించి రాశారు. ఐదో తరగతి చదివిన నాకు ఒక్కో పేజీకి ఒక పూట పడుతోంది.

రేపటి తగరపువలస సంతకి కాగితాలు చాలవని, సాయంత్రం అత్త దీన్ని చింపబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అత్త బొమ్మ ఉన్న ఒక పేజీ తెరిచి మా ఆయనకు చూపించింది.

"సూడ్రా, నీ పెళ్ళాం సదువు. ఈ ఆడమనిషికి రెండు కళ్ళూ ఒకే పక్కనున్నాయి. ఇదేటి బొమ్మ?"

ఆయన పగలబడి నవ్వారు.

నేను తల దించుకునే అన్నాను. "నాలిక సేపకీ ఒకే పక్కనుంటాయి కదత్తా. దాన్నెప్పుడైనా పారేసినావా?"

ఆయన నవ్వు ఆగింది. "ఏటే, నోరొచ్చిందా?"

"వచ్చింది."

ముఖాన్ని ఎదుటి నుంచీ పక్క నుంచీ ఒకేసారి చూపాలని అలా గీస్తారట. పుస్తకంలో ఉన్న ఆ సంగతి చెప్పేలోపే అత్త లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్నే నేను కుళాయికి వెళ్ళినప్పుడు చింపేస్తుందేమో... పుస్తకాన్ని చంకలో పెట్టుకునే వెళ్తాను. వీధంతా చూడనీ.