ఇరవై మూడు రోజుల అంకెలు

మార్చి 12, గురువారం. ఈరోజు పనులు: రెండు విడతల బట్టలు, వంటింటి అరలు తుడవడం, మీ బావగారి షుగర్ అంకెలు నలభై ఆరు నోటుపుస్తకంలోకి ఎక్కించడం.

తమ్ముడూ,

ఆ మూడో పని నీవల్ల వచ్చింది. షుగర్, ఇన్సులిన్ లెక్క రాసుకునే ప్రోగ్రాం మీ బావగారు సొంతంగా చేసుకున్నది. పాత ఆపరేటింగ్ సిస్టంలో తప్ప నడవదు. పాత కంప్యూటర్ పాడైతే నువ్వొచ్చి, కొత్తదాంట్లోనే ఒక విండోలో ఆ పాత సిస్టం నడిచేలా పెట్టావు. "ఇంకా నోటుపుస్తకం ఏంటక్కా, పారెయ్" అన్నావు. రాయడం మానేశాను. ఆ విండో మూయొద్దన్నావు, ఎందుకో చెప్పలేదు. నేను మూయలేదు.

ఆదివారం నీ స్నేహితుడికి గొప్ప చూపించడానికి నువ్వే మూశావు. మళ్ళీ తెరిస్తే నువ్వు పెట్టిన రోజు దగ్గరే ఉంది. మూసినప్పుడల్లా మొదటికి వెళ్లిపోయేలా పెట్టింది నువ్వే. ఇరవై మూడు రోజుల అంకెలు పోతే నవ్వావు. "అంకెలేగా అక్కా, అటూ ఇటూగా వేసెయ్. డాక్టరుకేం తెలుస్తుంది?"

వచ్చే సోమవారం డాక్టరు ఆ అంకెలను బట్టే మందు మారుస్తాడు. నీ మాట తలుచుకుంటే ఇప్పటికీ రోత పుడుతోంది.

షుగర్ చూసే మీటరులో పాత అంకెలు మిగిలాయి కాబట్టి బతికిపోయాం. ఏ పూట ఎంత ఇన్సులిన్ ఇచ్చానో మాత్రం దొరకలేదు. ఆ గడులు ఖాళీగానే చూపిస్తాను.

బాగుచేస్తానని రావద్దు. కాలేజీలో నీ రికార్డు పుస్తకాలన్నీ నేను రాసిపెట్టిన ఋణం ఈ కంప్యూటర్ పనితో తీరిపోయిందన్నావు. తీరినట్టే రాసుకున్నాను.

అక్క