బొట్టు ఉంచుకోనా, తీసెయ్యనా

దువ్వాడ

అమ్మకు అలేఖ్య నమస్కారాలు. తమ్ముడు నా నంబరు బ్లాక్ చేశాడు, అందుకే కార్డు రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది.

మా ఆయన మోహనకృష్ణ గుండెపోటుతో పోయారు. ఆస్పత్రిలో నేను భార్యనని చెబితే వాళ్లన్న ఒప్పుకోలేదు. “మావోడికి పెళ్లే అవనేదు. ఇది ఆడదే కాదు, పెళ్లామెలా అవుద్ది?” అన్నాడు. సింహాచలంలో కట్టిన తాళి చూపించాను. పెళ్లి కాగితం లేదని శవాన్ని వాళ్లన్నకే ఇచ్చేశారు. సబ్బవరంలో దహనం చేశారట. నన్ను రానివ్వలేదు.

నీ మోకాళ్లెలా ఉన్నాయి? మందులు మానకు.

ఒక్క సంగతి అడగాలి. ఇక్కడ నాకు చెప్పే పెద్దవాళ్లు లేరు. నేనింక బొట్టు పెట్టుకోవచ్చా, తీసెయ్యాలా? నా పాత మగపేరుతోనైనా సరే, జవాబు రాయి. చెల్లి పిల్లలకు దీవెనలు.

నీ కూతురు
అలేఖ్య