గాలిని వదిలేసిన లెక్క

పద్మనాభయ్య సార్‌కి నమస్కారం.

పరీక్షలో మేడ పైనుంచి విసిరిన రాయి లెక్క ఒక్కటే ఎందుకు వదిలేశావని నిన్న క్లాసులో అడిగారు. అందరి ముందు నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. ఆ లెక్క నాకు వచ్చు సార్. ఇంట్లో చేసి చూశాను.

మా నాయన పోయిన నెల వాటర్ ట్యాంకుకు రంగు వేస్తూ పడి చనిపోయాడని మీకు తెలుసు. ట్యాంకు ఎత్తు ఇరవై మీటర్లు. అంత ఎత్తు నుంచి కింద పడటానికి రెండు సెకన్లు. కాలు జారిన మనిషి అంచుకు సూటిగా కింద పడాలి. మా నాయన ఆరు మీటర్ల అవతల పడ్డాడు, టేపు పెట్టి కొలిచాను. అంటే సెకనుకు మూడు మీటర్ల వేగంతో అంచు దాటాడు. అంత వేగం జారితే రాదు సార్, పరుగెత్తితేనే వస్తుంది.

ఆయన సామాను దించడానికి పైకెక్కింది నేనే. బ్రష్షులు కడిగి ఉన్నాయి. రంగు డబ్బా మూత బిగించి ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పాస్టరు గారు సమాధి దగ్గర ప్రమాదమనే చెప్పి ప్రార్థన చేశారు. అమ్మ రోజూ నాకు జడ వేస్తూ, "సముద్రం గాలికి మీ నాయన కాలు జారినాడు మే, అంతే" అంటుంది. నేను ఊఁ కొడతాను.

ప్రతి లెక్కకీ ముందు గాలిని వదిలేయమంటారు మీరు. నేనూ వదిలేశాను. ఆ రోజు గాలి గట్టిగా వీచిందని అమ్మ అంటుంది, నాకు గుర్తు లేదు. గాలిని కలిపితే అది మనిషిని ఆరు మీటర్లు తోస్తుందా సార్? తోస్తుందంటే ఆ లెక్క నేర్పండి. తోయదంటే నాకు సున్నా వేసి, మళ్ళీ అడక్కండి.

మీ విద్యార్థిని
ఇంటర్ మొదటి సంవత్సరం