బీ లియాన్ ఓడ ఎక్కింది

ఓడ మీద నుంచి

ప్రియమైన రొకియా,

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. ఇంటికి వస్తే నిద్రపోతున్నావని హస్నా చేత చెప్పిస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. దీని మొహం మీద తలుపు వేయడం కష్టం కదా.

ముందు కడుపారా నవ్వుకో. నేను విహార నౌక ఎక్కాను. ఔను, నేనే. ముప్ఫై ఏళ్ళుగా నీతో కలిసి మూడో తరగతి పెట్టెల్లో, కోళ్ళబుట్టల పక్కన, చేపల పడవల్లో తిరిగినదాన్నే. పినాంగ్ రేవులో ఇలాంటి ఓడ కనిపిస్తే "తేలే ఆసుపత్రి" అని నువ్వు, "కాదు, తేలే పెళ్ళిపందిరి" అని నేను ఎంత వెక్కిరించేవాళ్ళం! క్లాంగ్ రేవులో ఎక్కేటప్పుడు నా పాత సంచీ చూసి గుమాస్తా "అమ్మా, పనివాళ్ళు ఎక్కేది అటువైపు" అన్నాడు. టిక్కెట్టు చూపించాను. పాపం, నాకంటే వాడే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ఎందుకెక్కానో దాచను. నీ కాలు తీసేసి ఏడాది దాటింది. చక్కెర జబ్బు పట్టుకుపోయింది మోకాలి కింది ముక్కనే. నువ్వేమో దాంతోపాటు ప్రయాణాలు కూడా పోయాయని తేల్చేశావు. సంచీ పక్కింటివాళ్ళకి ఇచ్చేశావు. మెట్లు ఎక్కలేను, పరుగెత్తి బస్సు పట్టుకోలేను, ఇంకేం ప్రయాణం అన్నావు. సరే, మెట్లూ బస్సులూ లేని ప్రయాణం ఒకటి ఉంటుందంటే చూడ్డానికి వచ్చాను. బాగుంటే వచ్చేసారి ఇద్దరం వస్తాం. బాగాలేకపోతే తిట్టుకుంటూ ఇంటికొస్తాను.

నిన్న పడుకునే ముందు సంచీ పట్టీని అలవాటు కొద్దీ కాలికి కట్టుకున్నాను. తలుపుకి తాళం, బయట కాపలా, లోపల నేనొక్కదాన్నే. దొంగ రావాలంటే ఈదుకుంటూ రావాలి! పొద్దున ఫలహారం దగ్గర రెండు రొట్టెలు ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచీలో వేసుకున్నాను. ఇక్కడ రోజంతా తిండి పెడుతూనే ఉంటారని ఆ తర్వాత తెలిసింది. ఉతికిన జాకెట్టు బాల్కనీలో ఆరేస్తే ఒక కుర్రాడు వచ్చి "మేడమ్, ఓడ అందం పోతుందండీ" అని బతిమాలాడు.

మన పాత పద్ధతిలోనే జవాబు రాయి. నా పేరు రాసి, కింద "పోస్టాఫీసులో ఉంచవలెను, దెన్‌పసార్, బాలీ" అని పెట్టు. వచ్చేవారం చివర్లో అక్కడ ఆగుతాం. ఆ తర్వాత రెండు వారాలకి తిరుగుదారిలో సింగపూర్. తప్పకుండా రాయి.

నీ
బీ లియాన్

*

తైపింగ్

ప్రియమైన ఓడ దొరసాని గారికి,

నీ ఉత్తరం చదివి నవ్వకూడదనుకున్నాను. ఈదుకుంటూ వచ్చే దొంగ దగ్గర ఓడిపోయాను. హస్నా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నొప్పిగా ఉందా?" అంది. ఈ ఇంట్లో నా నవ్వుని కూడా మూలుగే అనుకుంటున్నారు.

హస్నాని ఏమీ అనలేను. నా చెల్లెలి కూతురైనా కన్నకూతురికంటే మిన్నగా చూస్తోంది. తల దువ్వుతుంది, చేప ముళ్ళు తీసి పెడుతుంది. గేటు దాకా వెళ్తానంటే, "పడిపోతావు, కూర్చో, ఏం కావాలో నాకు చెప్పు" అంటుంది. ఏడాదిగా చెప్పి చెప్పి, నాకేం కావాలో నాకే తెలియకుండా పోయింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పెట్టుడు కాలు బీరువాలో పండగ బట్టల వెనకాల ఉంది. పెట్టుకుంటే ఒరుసుకుపోయి మంట. అద్దంలో చూసుకుంటే ఎవరో ముసలామెలా ఉన్నాను.

బీ లియాన్, నా కోసం ఏమీ చూడకు. ఓడైనా సరే, విమానమైనా సరే. హస్నా నన్ను మోస్తోంది, చాలదూ? నువ్వు పక్కన నడిచిన మనిషివి. నువ్వు కూడా నా వెనక చేరి కుర్చీ తోస్తే, ఇంక నాకు పక్కన నడిచేవాళ్ళెవరూ మిగలరు. నీ ప్రయాణం నువ్వు చెయ్యి. ఈత రాదు కాబట్టి రెయిలింగ్ మీదికి మరీ వంగకు.

ఇంతకీ ఆ రొట్టెలు ఏం చేశావు?

నీ
రొకియా

*

దెన్‌పసార్, బాలీ

ప్రియమైన రొకియా,

రొట్టెలు మర్నాడు తిన్నాను. పారేస్తే నువ్వు ఊరుకుంటావా?

ఓడలోవాళ్ళంతా చల్లటి బస్సుల్లో గుళ్ళు చూడ్డానికి వెళ్ళారు. నేను రోడ్డు మీదికి వచ్చి, చిన్న వ్యానులో ఎనిమిదిమంది మధ్య ఇరుక్కుని పోస్టాఫీసుకి వచ్చాను. ఎన్నాళ్ళకి ఒళ్ళు మళ్ళీ మామూలైందో! గుమాస్తా నీ ఉత్తరం తెచ్చి ఇస్తే అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. అక్కడి బెంచీ మీదే చదివాను. ఏడ్చాను కూడా. అది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

ఒక సంగతి. మొన్న భోజనాల దగ్గర నా ముందు వేయించిన పంది మాంసం పెట్టారు. మా అమ్మ చేసినట్టే ఎర్రగా, కరకరలాడుతూ. నీతో తిరిగిన ఇన్నేళ్ళలో దారిలో ఎప్పుడూ ముట్టుకోలేదు, అది నీకు హరామ్, నీ పళ్ళెం పక్కనే నా పళ్ళెం ఉంటుందని. ఇప్పుడు నువ్వు లేవు, తినొచ్చు. చెయ్యి వెళ్ళలేదు. చేప తెప్పించుకున్నాను. సాయంత్రాలు డెక్కు మీద పక్క కుర్చీలో నా సంచీ పెడుతున్నాను. ఒకాయన "ఎవరైనా వస్తారా?" అని అడిగితే "వస్తుంది" అనేశాను.

ఇక అసలు విషయం. ఇక్కడ గదులకి గడపల్లేవు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. చక్రాల కుర్చీ లిఫ్టులో తిరుగుతుందో లేదోనని ఒకటి అడిగి, నేనే కూర్చుని అన్ని అంతస్తులూ తిరిగాను. మన జాకెట్టు కుర్రాడు ఎదురై, "అయ్యో మేడమ్, పొద్దున నడిచారు కదా!" అని ఏడుపు మొహం పెట్టాడు. అన్నీ బాగున్నాయి. నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు. మార్చి ప్రయాణానికి మనిద్దరి పేర్లూ రాయించేశాను. నీకు కిటికీ పక్క మంచం. తిట్టాలనుకుంటే సింగపూర్ పోస్టాఫీసుకి తిట్టు.

నీ
బీ లియాన్

*

సింగపూర్

ప్రియమైన రొకియా,

ఇక్కడ నీ ఉత్తరం లేదు. గుమాస్తా నా పేరు మొదటి అక్షరం ఉన్న గూడు వెతికాడు, పక్క గూళ్ళన్నీ వెతికాడు. నేను కదలకపోతే జాలిపడి ఇంకోసారి వెతికాడు.

మీ ఇంటికి ఫోన్ చేశాను. హస్నా ఎత్తింది. "పెద్దమ్మ ఇంట్లో లేదు పిన్నీ. నన్నేం అడక్కండి, ఒట్టు వేయించుకుంది" అని ఏడుస్తూ పెట్టేసింది. ఇంట్లో లేకుండా నువ్వెక్కడికి వెళ్తావు? మళ్ళీ ఆసుపత్రా? రెండో కాలా? దేవుడా, ఏం రాస్తున్నానో తెలియడం లేదు.

నీ పేరు నిన్నడక్కుండా రాయించడం నా తప్పే. రేపే కొట్టేయిస్తాను. నువ్వు ఇంకెప్పుడూ గేటు దాటకపోయినా సరే, మీ ఇంటి కిటికీ దగ్గర కూర్చో, నేనే వస్తూ పోతూ ఉంటాను. కోపంగానైనా సరే, నువ్వు ఉంటే చాలు. ఈ ఓడలో ఇంతమంది జనం, ఇన్ని దీపాలు, ఒక్కటీ నచ్చడం లేదు. సామాను సర్దేసుకున్నాను. పినాంగ్‌లో ఓడ దిగగానే తిన్నగా నీ దగ్గరికే వస్తాను. దారిలో ఇంట్లో బట్టలు మార్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతే.

నీ
బీ లియాన్

*

హాత్‌యాయ్, థాయిలాండ్

ప్రియమైన బీ లియాన్,

ఈ ఉత్తరం పినాంగ్‌లో మీ తలుపు కింద పడి ఉంటుంది. తైపింగ్‌కి పరుగెత్తబోయే ముందు దీన్ని చూస్తావని నమ్మకం. నేను అక్కడ లేను. పైన ఊరి పేరు సరిగ్గానే చదివావు.

నీ బాలీ ఉత్తరం వచ్చిన రోజు హస్నా మీద గిన్నె విసిరాను. పాపం దానికేం తెలుసు, కోపం నీమీద. ఇన్నేళ్ళలో నన్నడక్కుండా నువ్వు టీ కూడా చెప్పలేదు. ఏ బండి, ఏ ఊరు, కిటికీ సీటు ఎవరిది, అన్నింటికీ పోట్లాడుకునే వెళ్ళాం. ఈసారి మంచం కూడా నువ్వే ఎంచేశావు. నన్ను సామానులా ఎక్కించడానికి సిద్ధమయ్యావు. ప్రేమతోనే చేశావని తెలుసు. అందుకే మరీ మండింది.

కోపంతోనే బీరువా తెరిచాను. కాలు తగిలించుకున్నాను. వీధి చివరి దాకా నడిచి వచ్చాను. మర్నాడు మార్కెట్టు దాకా. ఆ తర్వాత హస్నాతో, "హాత్‌యాయ్ వెళ్తున్నాను, బీ లియాన్‌కి చెప్పావో చూడు" అన్నాను. అది శోకాలు పెడుతూనే స్టేషనుకి వచ్చి, పెట్టె కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడింది.

బట్టర్‌వర్త్‌లో బండి మారడం ఫరవాలేదు. పదాంగ్ బెసార్‌లో సరిహద్దు దగ్గర, తెలుసుగా, అందరూ సామాన్లతో దిగాలి. వరసలో నిలబడితే అధికారి, "పిన్నిగారూ, మీరు కూర్చోండి, పాస్‌పోర్టు ఇవ్వండి" అన్నాడు. కూర్చోలేదు. ఆ పొగరు ఖరీదు తిరిగి ఎక్కేటప్పుడు తెలిసింది. మెట్టు మీద కాలు జారి ప్లాట్‌ఫారం మీద పడ్డాను. కూరలమ్ముకునే ఒక లావుపాటావిడ వెనక నుంచి నా నడుం పట్టి బస్తాని లేపినట్టు లేపి, "పిన్నీ, ఏం తిన్నావే, ఇంత బరువున్నావు! కాలు చెక్కది, మనిషి ఇనుపదా?" అంది. పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను, బీ లియాన్. ఎవరూ పరుగెత్తుకొచ్చి నొప్పా అని అడగలేదు. ఆవిడ నన్ను జరగమని, పక్కనే కూర్చుని, నా అరటిపళ్ళు తినేసింది.

గొప్పలు చెప్పను. కాలు ఒరుసుకుపోయి పచ్చిపుండైంది. మూడు రోజులుగా దిండు మీద పెట్టుకుని గదిలోనే ఉన్నాను. భయంగా కూడా ఉంది. నిన్న సాయంత్రం ఏడ్చాను కూడా. మనం ఎప్పుడూ దిగే లాడ్జీలోనే ఉన్నాను, కింది అంతస్తులో. ముసలాయన "రెండో ఆవిడేదీ?" అని అడిగాడు. "విహార నౌక మీద షికారు చేస్తోంది" అన్నాను. "ఆవిడా? అబద్ధాలాడకమ్మా" అన్నాడు.

నీ ఓడ మీద నాకు పగ లేదు. రెయిలింగ్ దగ్గర నిలబడి సముద్రం చూడాలని నాకూ ఉంది. కానీ ముందు ఇది నేను ఒక్కదాన్నే చేయగలనని తెలియాలి, లేకపోతే నీ పక్కన ఏ మొహంతో కూర్చుంటాను? ఇప్పుడు తెలిసింది. ఇంక ఒక్కదాన్నే ఉండాలని లేదు.

ఇక్కడ నుంచి ఎటు వెళ్ళాలో నేనేం నిర్ణయించలేదు. లావోస్ వైపు అని నా మనసు, నువ్వు సముద్రం అంటావు. పోట్లాడుకోవడానికి త్వరగా రా.

నీ
రొకియా